తాళ్ళ గదిలో ఏల్కె

"చంపావా, లేదా? ఒక్క మాటలో చెప్పు," అన్నాడు మా గోసె.

"లేదన్నా."

"మరెవరు చంపారు?"

పెద్ద తెరచాప స్తంభానికి చేతులు వెనక్కి విరిచి కట్టేశారు విట్సెని. తల వంచుకుని తన కాళ్ళకేసే చూసుకుంటున్నాడు. వాడు పుట్టిన పూట వాళ్ళింట్లో వేడినీళ్ళు కాచింది నేనే. ఇప్పుడు పెదవి పగిలి, గడ్డం మీద నెత్తురు ఎండిపోయి ఉంది. తుడుద్దామని చెయ్యి లేపాను. గోసె కంటితోనే వద్దన్నాడు.

యుద్ధానికి బయల్దేరే ఓడ మీద ఊరి విచారణాధికారి వెంట వాళ్ళమ్మ తిరగడమేమిటని అందరూ నన్ను వింతగా చూస్తున్నారు. చూడనీ. ఇంగ్లీషువాళ్ళ ఫిరంగి గుండు నా కొడుకు ఎడమచెయ్యి పట్టుకుపోయింది. ఒంటిచేత్తో నిచ్చెనలు దిగేవాడికి లాంతరు ఎవరు పడతారు? మనిషిని పెట్టుకోమంటారు ఊరి పెద్దలు. ఆ మనిషికి కాలు జారితే? జారి, లాంతరు వెళ్ళి మందుగుండు పీపాల మధ్య పడితే? అలాంటివి తలచుకుంటే నాకు కునుకు పట్టదు. అందుకని నేనే పడతాను.

ఓడ పేరు తీతువు. మా ఫ్రీస్‌లాండ్ నౌకాదళం కొత్తగా కట్టించిన ఓడ. మధ్యాహ్నం సముద్రపు పోటు నిండగానే హార్లింగెన్ రేవు వదిలి పెద్ద దళంలో కలవాలి. నిన్న పొద్దుగూకే దాకా తల్లులూ పెళ్ళాలూ ఓడెక్కి మావాళ్ళకి వీడ్కోలు చెప్పుకున్నాం. ఈ పొద్దున లంగరు తాళ్ళు చుట్టిపెట్టే గదిలో ఏల్కె శవమై కనిపించాడు. ఛాతీలో కత్తిపోటు. నడుముకున్న ఒరలో వాడి చాకు లేదు. గదంతా వెతికినా దొరకలేదు. ఏల్కె మా వీధివాడే, రైను ఒక్కగానొక్క కొడుకు. విట్సేమో హిస్కె కొడుకు. ఇద్దరూ ఒకే బల్ల మీద అక్షరాలు దిద్దుకున్నారు. ఓడలో ఒకే గిన్నెలోంచి తిన్నారు.

"రాత్రి తిండి దగ్గర ఏల్కెని కొట్టావట," అన్నాడు గోసె.

"కొట్టాను. చెంప మీద, ఒక్కటే."

"ఎందుకు?"

"ఒక మాటన్నాడు."

"ఏం మాట?"

విట్సె తల ఇంకాస్త వంచుకున్నాడు.

"వాడు గొణిగింది ఎవరికీ వినపడలేదు. నువ్వన్నది మాత్రం బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా విన్నారు. 'ఇంకోసారి ఆ మాటంటే నేనే నిన్ను చంపేస్తా' అన్నావు. అన్నావా?"

"అన్నాను."

"ఏ మాట గురించి?"

"నేనన్నది ఒప్పుకుంటున్నాను కదన్నా. వాడన్నది మాత్రం చెప్పను. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"వాడు చచ్చిపోయాడు రా! చచ్చినవాడికిచ్చిన మాట కోసం నువ్వూ చస్తావా?"

విట్సె అప్పుడు తల ఎత్తాడు. "ఇచ్చినప్పుడు బతికే ఉన్నాడుగా," అన్నాడు.

వెనకనించి ఎవరో చప్పట్లు కొట్టారు. నౌకాదళ న్యాయాధికారి మైన్స్మా. నల్ల కోటు, గంజిపెట్టిన తెల్ల పట్టీ మెడలో. వాసన కోసం చేతిలో లవంగాలు గుచ్చిన నారింజ పట్టుకున్నాడు.

"బాగుంది గోసె గారూ, కబుర్లు బాగున్నాయి. అమ్మగారిని కూడా వెంటబెట్టుకొచ్చారే! మధ్యలో ఆకలేస్తే గంజి తినిపించడానికా?"

"లాంతరు పట్టడానికండీ. మీరున్న చోట వెలుతురు తక్కువని విన్నాను," అన్నాడు గోసె.

నావికులు కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మైన్స్మా మొహం ఎర్రబడింది.

"విచారణ పొద్దున్నే ముగిసింది. ఇద్దరూ పోట్లాడుకున్నారు, ఒకడు చచ్చాడు. చాకు లేదు. తనని తాను పొడుచుకున్నవాడు లేచెళ్ళి చాకు దాచిరాలేడు కదా? చంపినవాడు సముద్రంలో పారేశాడు. ఇంక తీర్పంటారా, ఓడ చట్టం ప్రకారం ఎప్పుడూ ఉన్నదే. రేవు దాటగానే అమలు చేస్తారు."

ఆ ఉన్నదేమిటో ఈ తీరంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. చంపినవాణ్ణి, చచ్చినవాణ్ణి వీపుకి వీపు ఆనించి తాడుతో చుట్టేస్తారు. అలాగే సముద్రంలోకి తోసేస్తారు. బతికున్నవాడు కాసేపు ఈదడానికి చూస్తాడట. వీపు మీద బరువు చల్లగా కిందికి లాగుతూంటుందట. మా ఆయన ఒకసారి చూశాడు. తర్వాత చాలాకాలం నిద్రలో నన్ను గట్టిగా పట్టుకునేవాడు.

గట్టు మీద హిస్కె నిలబడి ఉంది. అంత జనంలోనూ ఆమె చుట్టూ మాత్రం ఖాళీ. హంతకుడి తల్లి పక్కన ఎవరు నిలబడతారు? ఆమె నాకేసి చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. ఏం చెప్పను?

"ఓడ ముందు తాడు ఎక్కడ కట్టారు?" అని అడిగాడు గోసె, మామూలుగా.

"ఎక్కడేమిటి? రేవు గుంజకి," అన్నాడు మైన్స్మా.

"ఆ గుంజ ఊరిది. ఊరి గుంజకి తాడున్నంతసేపూ ఓడలో ఏం జరిగినా ఊరి చట్టమే. నౌకాదళం పుట్టకముందు నించీ ఉన్న పద్ధతి ఇది. తాడు విప్పాక మీ ఇష్టం. అప్పటిదాకా నా ఇష్టం."

"కెప్టెన్!" అని అరిచాడు మైన్స్మా.

కెప్టెన్ రూర్ద్ ముసలివాడు. ఒకప్పుడు గోసె ఆయన కిందే పనిచేశాడు. ఆయన ఆకాశంకేసి చూసి, నీళ్ళకేసి చూసి, "పద్ధతి పద్ధతే," అన్నాడు. "పోటు నిండేదాకా కానీ బాబూ. ఆ తర్వాత మాత్రం ఒక్క క్షణం ఆగను. గాలి తిరిగితే ఇంకో పోటు దొరకదు."

నీళ్ళు అప్పటికే గట్టు రాళ్ళ మీద పోటు తాకే పాకుడు గీత దగ్గరికి వచ్చేశాయి.

తాళ్ళ గది ఓడ ముందుభాగంలో, అడుగున ఉంది. తడి తాళ్ళ మీద కొయ్యజోళ్ళు జారతాయని దిగేవాళ్ళంతా పైనే విడుస్తారు. దిగుడు నోటి చుట్టూ ఒక పది జతలు చిందరవందరగా పడి ఉన్నాయి. నిన్న సాయంత్రం వానకి వాటిల్లో మెత్తకి పరిచిన గడ్డి అంతా నల్లబడి ముద్దయి పాదాలకి అచ్చు పోసినట్టుంది.

ఒక్క జత మాత్రం పక్కగా, వరసగా పెట్టి ఉంది. మడమలు దిగుడు నోటి వైపు, ముంగాళ్ళు బయటి వైపు. లోపల పచ్చగా, పొడిగా కొత్త గడ్డి.

"అవెవరివి?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"ఏల్కెవి అత్తా," అన్నాడు దగ్గరున్న నావికుడు.

గోసె నాకేసి ఒక్క చూపు చూసి, ఏమీ అనకుండా జోళ్ళు విడిచి దిగడం మొదలుపెట్టాడు. ఆ ఒంటిచెయ్యి మెట్టు మెట్టుకీ వదిలి మళ్ళీ పట్టుకుంటూంటే లాంతరు వంచి మెట్లకి వెలుగు చూపించాను. నేనూ దిగాను.

కింద తారు వాసన, ఉక్క. నడుమెత్తు తాళ్ళ చుట్టల మధ్య ఏల్కె వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముట్టుకోవద్దన్నారని ఎవరూ కదపలేదట. నేను లాంతరు ఎత్తి పట్టాను. గోసె మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

తనలో తను అనుకుంటున్నట్టు మొదలుపెట్టాడు. "పెనుగులాట లేదు. తాళ్ళ మీద ఎక్కడా కాలు తన్నిన గుర్తు లేదు. నెత్తురంతా ఒక్కచోటే. కళ్ళు మూసి ఉన్నాయి." కాస్త ముందుకి వంగాడు. "మొహం తుడిచారు. తల దువ్వారు, నీళ్ళు రాసి, పాపిడి తీసి. చంపినవాడు తల దువ్వుతాడా?"

గోసె శవం మీది చొక్కా జాగ్రత్తగా పైకి తీశాడు, చూశాడు, మళ్ళీ దించాడు. చొక్కా గుడ్డని వేళ్ళ మధ్య తడిమి చూశాడు. మోచేతుల దగ్గర సన్నని కుట్లతో మాసికలు వేసి ఉన్నాయి. రైను కుట్టు నాకు తెలుసు. అంత సన్నగా మా వీధిలో ఎవరూ కుట్టరు.

"ఒంటికి గాయం ఉంది. చొక్కాకి చిరుగు లేదు," అన్నాడు గోసె. "అంటే ముందు చొక్కా పైకి తీశారు. పొడవడానికి వచ్చినవాడు ఎదటివాడి చొక్కా పైకి తీసి పొడవడు." మాసిక మీద వేలు ఆనించాడు. "అమ్మ కుట్టిన చొక్కా చిరగడం ఇష్టం లేనివాడు తీస్తాడు."

దీపపు వెలుగు తాళ్ళ మీద గంతులు వేస్తోంది.

"అమ్మా, లాంతరు వణుకుతోంది."

"చలిగా ఉంది."

"ఉక్కపోస్తోంది ఇక్కడ."

"నన్నేమీ అడక్కు గోసె. నేనేమీ చెప్పను."

"సరే, నేనే చెప్తాను. తప్పయితే కాదను. నిన్న వాన. ఓడలో అందరి జోళ్ళలోనూ గడ్డి తడిసి నల్లబడింది. వీడి జోళ్ళలో గడ్డి కొత్తది. ఒక్కసారి కూడా పాదం పడలేదు. వీడు జోళ్ళు విడిచి కిందికి దిగాక ఎవరో వచ్చి గడ్డి మార్చారు. వీడు పైకి రాగానే కాళ్ళు దూర్చుకోవడానికి వీలుగా తిప్పి పెట్టారు. జోళ్ళు అలా ఎవరు తిప్పి పెడతారమ్మా?"

నేను ఏల్కె ఉత్తకాళ్ళకేసి చూశాను.

"నాకు ఎవరు పెడతారు?"

"నేను," అన్నాను. అనగానే ఏడుపొచ్చింది.

"వాడు రాకపోయేసరికి రైను పిన్ని కిందికి దిగి చూసింది. చూసి..."

"చాలు, ఆపు! దాన్ని బయటపెడితే రైనుని ఏం చేస్తారో తెలుసా నీకు? తన ప్రాణం తను తీసుకున్నవాణ్ణి ఊళ్ళో ఏం చేస్తారో తెలుసా? గుర్రానికి కట్టి వీధులన్నీ ఈడుస్తారు. ఉరికొయ్య కింద గుంట తీసి పూడుస్తారు. చర్చి దగ్గర మట్టి కూడా దక్కదు. దాచిపెట్టినందుకు తల్లిని కొరడాలతో కొట్టి ఊరవతలికి తరుముతారు. ఆవిడకి వీడు తప్ప ఎవరున్నారు? వీడి గోరీ దగ్గర కూర్చుని ఏడ్చుకోవాలనేగా ఆ చాకు దాచింది!"

"బయటపెట్టకపోతే హిస్కె పిన్ని కొడుకుని ఏం చేస్తారో కూడా తెలుసుగా నీకు?"

ఏ వైపు నించి చూసినా ఒక తల్లి గొంతు కోయాలి. నేను ఏల్కె నుదుటి మీద చెయ్యి వేశాను. వీధిలో పరిగెత్తేటప్పుడు వాడి జుట్టు ఎప్పుడూ కళ్ళలో పడుతూండేది. అంత నున్నగా దువ్వి వాణ్ణి ఎప్పుడూ చూడలేదు.

పైకి వచ్చాక గోసె గట్టుకి వేసిన దిగుడుబల్ల దగ్గరి కాపలావాణ్ణి పట్టుకున్నాడు.

"రాత్రి నించి తెల్లారేలోపు ఓడ మీదికి ఎవరైనా వచ్చారా?"

"ఎవరూ రాలేదు. న్యాయాధికారి గారికి కూడా అదే చెప్పాను."

"ఆడవాళ్ళు?"

"లేదు."

"ఏల్కె వాళ్ళమ్మ?"

"ఆ, రైను పిన్ని వచ్చింది, తెల్లారగట్ట. కొత్త గడ్డీ, రొట్టే తెచ్చింది. కాసేపట్లో వెళ్ళిపోయింది." కాపలావాడు బిక్కమొహం వేశాడు. "ఎవరైనా వచ్చారా అంటే... ఆవిడ తల్లి కదా, ఆవిణ్ణి కూడా లెక్కెయ్యాలా?"

గోసె వాడి భుజం తట్టి, "పిన్నిని పైకి పిలు," అన్నాడు.

రైను గట్టు మీద ఒక పీపా పక్కన కూర్చుని ఉంది. ఒళ్ళో ఉతికిన దుప్పటి మడత. కొడుకుని చుట్టి ఇంటికి తీసుకెళ్దామని పొద్దుటినించీ అక్కడే ఉంది. బల్లెక్కి వచ్చింది. నిన్నటికీ ఇవాళ్టికీ చిక్కి సగమైపోయింది. స్తంభానికి కట్టిన విట్సెని చూసి చప్పున తల తిప్పుకుంది.

"ఇస్తారా నాయనా? తీసుకుపోనా వాణ్ణి?"

"కూర్చో పిన్నీ." గోసె ఆమె ముందు తాళ్ళ చుట్ట మీద కూర్చున్నాడు. నేను వెనక నిలబడ్డాను. "ఏల్కెని నువ్వు ఇంటికి తీసుకెళ్ళలేవు. వాణ్ణి కూడా ఓడలోనే తీసుకెళ్తారు."

"ఎక్కడికి? ఎందుకు?"

"విట్సె వీపుకి కట్టడానికి."

రైనుకి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "అదేంటి? ఏదో పెద్దసభలో అడుగుతారన్నారు. సాక్ష్యం లేకపోతే వదిలేస్తారన్నారు... విట్సె మంచివాడు, వాడికేం కాదనుకున్నాను. వాడు మా ఇంట్లో నా చేతి రొట్టె తిని పెరిగాడు నాయనా!"

"అడగడం అయిపోయింది. ఈ పోటుకే."

గట్టు మీంచి హిస్కె ఆ మాట విన్నది. ఓడకీ గట్టుకీ మధ్య రెండు బారల నీళ్ళు. ఆమె ఏమీ అరవలేదు. రేవు గుంజని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది. ఇద్దరు తల్లులూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను చూడలేక తల వంచుకున్నాను.

రైను శాలువా లోపలికి చెయ్యి పెట్టి గుడ్డలో చుట్టినదొకటి తీసి గోసె ఒళ్ళో పెట్టింది. విప్పి చూడక్కర్లేదు. పిడి బయటికి కనపడుతోంది. వాళ్ళ నాన్నది ఆ చాకు.

"వాడు నిద్రపోయి ఏడాదయింది," అంది రైను. "పోయినేడు యుద్ధంలో వాడి ఓడ అడుగున నీళ్ళు పట్టాయి. దిగుడు నోటికి మూత వేసి మేకులు కొట్టెయ్యమన్నారట వాణ్ణి. కింద మనుషులున్నారు, చిల్లులు మూస్తున్నారు. కొట్టకపోతే ఓడంతా పోతుందన్నారు. కొట్టాడు. కింద నించి మూత మీద బాదుతూనే ఉన్నారట. శీతాకాలమంతా మా ఇంట్లో ఎవరు తలుపు తట్టినా వాడు చెవులు మూసుకునేవాడు. నిన్న సాయంత్రం నన్ను పట్టుకుని, అమ్మా, నేను మళ్ళీ కిందికి దిగలేనే, ఇంటికి తీసుకుపోవే అన్నాడు. మగపిల్లాడివి, అవేం మాటలు, దేవుణ్ణి తలుచుకో అన్నాను. అదీ నేను చెప్పింది! రాత్రంతా మనసొప్పక తెల్లారగట్ట వచ్చాను, తీసుకుపోదామనే వచ్చాను. గడ్డి మార్చి కూర్చున్నాను, పైకి వస్తాడని..."

స్తంభం దగ్గర విట్సె ఏడుస్తున్నాడు, చేతులు కట్టేసి ఉన్నందుకు మొహం తుడుచుకునే వీలు లేక. "అదే మాట నాతోనూ అన్నాడు పిన్నీ. చచ్చిపోతానన్నాడు. అందుకే కొట్టాను. నీకు చెప్పొద్దన్నాడు."

"విన్నారుగా కెప్టెన్?" అంది మైన్స్మా గొంతు. ఎప్పుడొచ్చాడో, మా వెనకే ఉన్నాడు. నారింజని ఒక చేతి నించి ఇంకో చేతికి మార్చుకుంటున్నాడు. "గోసె గారికి మనం రుణపడ్డాం. హత్య కాదన్నమాట. ఆత్మహత్య, దాన్ని దాచిన తల్లి. తాడు ఊరి గుంజకే ఉంది, ఊరి చట్టమే అన్నారు వారు. చాలా సంతోషం. ఊరి చట్టం ఏమంటుందో వారికి బాగా తెలుసు. గుర్రానికి కబురు పంపండి."

రైను ఒళ్ళోంచి దుప్పటి మడత జారి కింద పడింది. నేను తీసి మళ్ళీ ఒళ్ళో పెట్టాను.

"కెప్టెన్," అన్నాడు గోసె, మైన్స్మాకేసి చూడకుండానే. "ఏల్కె మీ ఓడ మనిషేనా?"

"ప్రమాణం చేసినవాడే."

"తాడు విప్పేస్తే వాడు ఎవరివాడు?"

"నావాడు."

"మీవాళ్ళు పోతే ఎలా సాగనంపుతారు?"

ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "తెరచాప గుడ్డలో కుట్టి, కీర్తన పాడి, సముద్రానికిస్తాను. ఎలా పోయావని సముద్రం ఎవర్నీ అడగదు."

మైన్స్మా పకపకా నవ్వాడు. "విప్పండి, తప్పకుండా విప్పండి! విప్పిన మరుక్షణం ఓడ చట్టం. ఓడ చట్టంలో విట్సె మీద నా తీర్పుంది. దాన్ని కొట్టెయ్యాలంటే విచారించినవాడు స్వయంగా దళంలోకి వెళ్ళి, అడ్మిరల్ సభ ముందు చెయ్యెత్తి ప్రమాణం చెయ్యాలి. అప్పటిదాకా మాత్రమే కెప్టెన్ తీర్పుని ఆపగలడు. గోసె గారు వెళ్తారా? ఆ చెయ్యి పోయిన దగ్గర్నించీ చేపల పడవ కూడా ఎక్కలేదట కదా? ఉన్న చెయ్యి అమ్మగారి కొంగుకి కట్టేసి ఉందిగా!"

నేను గోసె కళ్ళకోసం చూశాను. వాడు నాకేసి చూడలేదు. ఆ చూడకపోవడంతోనే వాడు వెళ్తాడని నాకు తెలిసిపోయింది.

"నేను పోయి ఊరి కాపలావాళ్ళని తెస్తాను. నేనొచ్చేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు," అంటూ మైన్స్మా బల్ల దిగి గట్టు మీద జనంలోకి వెళ్ళాడు.

"అమ్మా," అన్నాడు గోసె. "రైను పిన్నిని దింపు. బల్ల జారుతోంది, నువ్వు పట్టుకుంటే గానీ దిగలేదు."

"నువ్వో?"

"నీ వెనకే."

ముప్ఫై ఏళ్ళలో వాడు నాతో అబద్ధం చెప్పడం నాకు తెలిసి అదే మొదలు. చెప్పడం కూడా చేతకాలేదు. నేను రైను నడుం చుట్టూ చెయ్యి వేసి లేవదీశాను. ఆమె చేతిలోని దుప్పటి విట్సె చేతికిచ్చింది. అప్పుడే వాడి కట్లు విప్పారు. "వాడికి లోపల ఇది చుట్టు నాయనా," అంది. "తెరచాప గుడ్డ గరుకుగా ఉంటుంది." విట్సె దుప్పటిని గుండెకి హత్తుకున్నాడు.

మేమిద్దరం గట్టు మీద కాలు పెట్టగానే వెనక బల్ల లాగేశారు.

"హిస్కె పిన్నీ!" అని అరిచాడు గోసె ఓడ మీంచి. "ఆ తాడు తీసెయ్యి!"

తన కొడుకు కట్లు విప్పడం హిస్కె చూసింది. విట్సె ఓడ అంచుకి వచ్చి రెండు చేతులూ చాపాడు. ఆమె కూడా చాపింది. ఇంకో బారెడు దగ్గరికి వస్తే వేళ్ళు తగిలేవి. ఓడని లాగమని అడిగితే కెప్టెన్ కాదనేవాడు కాదేమో. అటువైపు జనాన్ని తోసుకుంటూ మైన్స్మా, వాడి వెనక ఈటెలు పట్టుకున్న కాపలావాళ్ళు వస్తున్నారు. హిస్కె ఒకసారి అటు చూసింది. ఒకసారి నా భుజం మీద వాలిపోయిన రైనుని చూసింది. చాపిన చేతులు వెనక్కి తీసుకుని, వంగి, తన నడుమంత లావున్న తాడు ఉచ్చుని రొమ్ముతో తోసి గుంజ మీంచి ఎత్తేసింది. తాడు నీళ్ళలో పడ్డ చప్పుడుకి జనమంతా ఒక్కసారి అటు తిరిగారు.

పోటు ఓడని మెల్లగా తీసుకుంది.

"గోసె!" అన్నాను. వాడు ఓడ అంచున నిలబడి ఉన్నాడు. చాకు ఉన్న గుడ్డమూట వాడి నడుం పట్టీలో ఉంది. ఊళ్ళో చాకు లేదు, శవం లేదు. ఇంక మైన్స్మా ఏం చూపించి రైనుని శిక్షిస్తాడు? నా కొడుకు అన్నీ ఆలోచించుకునే వెళ్ళాడు. ఒక్క నన్ను తప్ప.

హిస్కె వచ్చి నా రెండో పక్క నిలబడింది. "బౌకక్కా, నీ కొడుకు నా కొడుకుని తిరిగి తెస్తాడు," అంది. తెస్తాడు, తెస్తాడు అనుకున్నాను నేను కూడా. పెద్ద సభ ముందు ఒక్క ప్రమాణం. అంతే కదా. యుద్ధం మొదలవకముందే ఏ చేపల పడవలోనో వెనక్కి వచ్చేస్తాడు. మొదటిసారిగా నా మనసుకి నేనే మంచిమాట చెప్పుకున్నాను.

ఓడ పక్క తిరిగింది. నడుమ నావికులిద్దరు పంపు కొడుతున్నారు. పక్కనున్న తూము నించి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

మా ఆయన బతికినన్నాళ్ళూ ఓడ మీద పంపు కొట్టాడు. ప్రతి ఓడలోనూ అడుగున కాస్త నీళ్ళు ఉంటాయి. పాతబడి, కుళ్ళి, నల్లగా, ముక్కు పగిలేంత కంపుకొడతాయి. ఆ కంపొస్తున్నంతసేపూ భయం లేదనేవాడు ఆయన. ఓడ గట్టిగా ఉన్నట్టు, కొత్త నీళ్ళు లోపలికి రానట్టు. తూములోంచి సముద్రమంత తేటగా నీళ్ళు వస్తే మాత్రం ఎక్కడో పలకలు విడిచాయన్నమాట. ఎన్ని తోడినా అన్ని వస్తూనే ఉంటాయన్నమాట.

తీతువు పక్కనించి పడే నీళ్ళు ఎండలో గాజులా మెరుస్తున్నాయి.

నేను రైనుని వదిలేసి గట్టు చివరికి పరిగెత్తాను. తూమువైపు చెయ్యి చాపి చూపిస్తూ, గొంతు చించుకుని అరిచాను. గాలి ఎదురుగా వీస్తోంది. ఓడ మీది నించి గోసె నన్ను చూశాడు. చూసి, నవ్వి, ఉన్న ఒక్క చెయ్యీ పైకెత్తి నాకు ఊపాడు.